మెకానికల్‌ను పక్కనపెట్టి కోడింగ్‌లోకి దూకాలా?

ప్రశ్న: కాకినాడలో బీటెక్ మెకానికల్ రెండో ఏడు చదువుతున్నాను. ఏఐ వచ్చాక మా బ్రాంచికి భవిష్యత్తు లేదంటున్నారు. అమీర్‌పేటలో డేటా సైన్స్ కోచింగ్‌లో చేరమంటున్నాడు అన్నయ్య. ఏం చేయను?

జవాబు: కోచింగ్ డబ్బు ప్రస్తుతానికి దాచుకోండి. పైథాన్ నేర్చుకోవాల్సిందే. అయితే దాన్ని మీ సబ్జెక్టు మీదే ప్రయోగించండి. ఉదాహరణకు, లెక్చరర్ అనుమతితో వర్క్‌షాప్‌లో లేత్ మోటారుకు చిన్న యాక్సిలరోమీటర్ బిగించి, ఈఎస్‌పీ32 బోర్డుతో కంపనాలు రికార్డు చేయండి. బేరింగ్ దెబ్బతింటే కొన్ని ప్రత్యేక పౌనఃపున్యాల దగ్గర కంపనం పెరుగుతుంది. ఫోరియర్ పద్ధతిలో డేటాను విడదీస్తే అది బయటపడుతుంది. లోపం లోపలి రింగుదా, బయటి రింగుదా అన్నది తేల్చాలంటే బేరింగ్ కొలతలు, షాఫ్టు వేగం తెలియాలి. ఉత్త కోడింగ్ వచ్చినవాడు అక్కడే ఆగిపోతాడు. మీరు ఆగరు.

ఫస్టియర్‌లో ఎలాగోలా గట్టెక్కిన మాత్రికలు, సంభావ్యత మళ్లీ తెరవండి. మెషీన్ లెర్నింగ్ చాలావరకు వాటి మీదే నిలబడింది. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. మీ కాలేజీలో ఏఐ మైనర్ డిగ్రీ ఉందేమో కనుక్కోండి. ఏఐసీటీఈ నమూనా ప్రకారం అదనంగా 18-20 క్రెడిట్లు చేయాలి. భారమే, కానీ చేయదగ్గదే.

చాట్‌జీపీటీని వాడొద్దనను. ముందు లెక్క చేత్తో చేసి, ఆ తర్వాత దాని జవాబుతో పోల్చండి. అది యూనిట్లు తారుమారు చేస్తే మీరు పట్టుకోగలగాలి. ఫైనలియర్ ప్రాజెక్టును మాత్రం కొనొద్దు (ఎక్కడ అమ్ముతారో మీ సీనియర్లకు తెలుసులెండి). ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.