కుక్కపిల్లను గూర్చి అమ్మాయికి

చి. ల. సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇంటికి కుక్కపిల్ల వచ్చినదనియు, చంటివాడు దానిని విడిచి క్షణమైన నుండుట లేదనియు నీ యుత్తరమువలన తెలిసి సంతోషించితిని. దానిని పంపివేయుమని నేను చెప్పను. కాని యా కూనలు తల్లికడుపులోనుండగనే టాక్సోకారా యను ఏలికపాములను తెచ్చుకొనుట సర్వసాధారణము గనుక, ఈ నాలుగు మాటలు శ్రద్ధగా చదువుము.

మలముతో వెలువడిన యా పాముల గుడ్లు అప్పటికప్పుడు హాని చేయవు. మట్టిలో రెండు మొదలు నాలుగు వారములు పక్వమై, పిదప ఏండ్లతరబడి నిలిచి, మట్టిచేతులు నోటబెట్టుకొను పిల్లల కడుపు చేరి, అచట పిల్లలై, ప్రేగుగోడను తొలిచి, రక్తమున బడి కాలేయమునకు, ఊపిరితిత్తులకు, ఒక్కొకప్పుడు కంటికిని పోవును. కంటిలోని యొక్క పురుగుచుట్టు పుట్టిన వాపే నేత్రపటలమును చెఱుపజాలును. 1950లో అమెరికాలో హెలెనార్ వైల్డర్ అను పరిశోధకురాలు, పిల్లలకు తీసివేయబడిన 46 నేత్రములను పరీక్షింపగా 24 నేత్రములలో ఇట్టి పురుగో, దాని యవశేషమో కనబడెను; అందు పెక్కింటిని వైద్యులు రాచపుండను శంకతో తీసివేసియుండిరి. ఆ పసివారిని తలచినపుడెల్ల నా మనస్సు కలతపడును.

ఆ రెండు వారముల వ్యవధియే మనకు రక్ష. కుక్కపిల్ల మలమును ఏనాటి కానాడు ఎత్తివేయింపుము. దానికి రెండు వారముల వయస్సునుండియే పురుగుల మందు పడవలెను గాన, పశువైద్యుని యడిగి, తూకమునుబట్టి మోతాదు తప్పక వేయింపుము. పెరటిలో కట్టుబడికై పోయించిన యిసుకకుప్పను రాత్రులందు పట్టాతో కప్పించుము. ఇట్టి పాములే గల పిల్లులు గోతులు త్రవ్వి మలము పూడ్చునది అచటనే, మనవాడు పాదముపై తడియిసుక మెత్తి పిచ్చుకగూళ్లు కట్టునదియు నచటనే. ఆట ముగియగనే సబ్బుతో చేతులు కడిగి, గోళ్లలోని మట్టి తీయుము.

ఈ పురుగువలని కంటివ్యాధి తఱచుగా ఒక కంటికే వచ్చును, నొప్పి యుండకపోవచ్చును, రెండవ కంటితో చక్కగా చూచుచున్న బిడ్డ ఏమని చెప్పగలడు? కావున దోబూచులాడునపుడు వాని కన్నులనొకదాని తరువాత నొకటి నీ యరచేత మూసి చూడుము. ఒకటి మూసినపుడు నవ్వుచు, రెండవది మూయగనే గునిసి నీ చేయి త్రోసివేసినను, మెల్ల కనబడినను, కంటిపాప తెల్లగా మెఱసినను, ఆనాడే కంటివైద్యుని కడకు తీసికొనిపొమ్ము. వాడెట్లు చూచుచున్నాడో మరుటపాలో వ్రాయుము.

ఇట్లు,
మీ పెదనాన్న