వ్యసన విముక్తికి తోడు – వెదకుకొను విధము



మద్యమునకు బానిసయైన వానిచేత పెద్దల సమక్షమున ప్రమాణము చేయించి, ఇక బాగుపడెనని తలచుట మన కుటుంబములలో తరచుగా జరుగుచున్నది. పది దినములో, నెలయో గడచును. మరల పాత దారియే. ఇల్లాలు కన్నీరు పెట్టును. బంధువులు "వీనికి మాటమీద నిలకడ లేదు" అందురు. ప్రమాణము తప్పితినను సిగ్గు తోడై ఆతడు ఇంకను త్రాగును. ప్రమాణము మంచిదే; కాని దానిని నిలుపుకొనుటకు తోడు కావలెను. ఆ తోడు ఎక్కడ దొరకునో, ఎట్లు వెదకవలెనో ఈ పాఠమున విచారింతము.

మొదట వైద్యము

మద్యమునకు బానిసయగుటను ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగముల పట్టికలో చేర్చియున్నది. చాలకాలము ప్రతిదినము విస్తారముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల చేతులు వణకును, చెమటలు పట్టును, నిద్ర రాదు. కొందరికి రెండు దినములలోపుననే మూర్ఛలు వచ్చును. మరికొందరు రెండు మొదలు నాలుగు దినముల నడుమ మతి చలించి, లేనివి కనబడినట్లు పలవరింతురు. ఇది ప్రాణాపాయకరము. దీనిని గాలి సోకినదని భ్రమించి కాలహరణము చేయరాదు. గదిలో పెట్టి తాళము వేయుట చికిత్స కాదు. వైద్యుని పర్యవేక్షణలోనే మాన్పింపవలెను.

తోడు యొక్క పుట్టుక

వైద్యము దేహమును కుదుటపరచును. తరువాతి దినములలో మనస్సును నిలుపుటకు, అదే బాధ పడి బయటపడినవారి సాంగత్యము ఉపకరించును.

1935 మే నెలలో బిల్ విల్సన్ అను అమెరికా దేశీయుడు వ్యాపార కార్యముమీద ఓహియో రాష్ట్రములోని ఆక్రన్ పట్టణమునకు వచ్చెను. ఆతడు త్రాగుడు మాని కొన్ని నెలలే అయినది. వచ్చిన పని చెడెను. పరాయి ఊరు, ఒంటరితనము. మనస్సు మద్యము వైపు లాగెను. అప్పుడు తనవంటి బాధితుడు మరియొకడు దొరకునా యని టెలిఫోనులో విచారించి, తుదకు బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుని కలిసికొనెను. ఆతనికి నీతులు బోధింపలేదు. తన కష్టమును చెప్పుకొనెను. ఆ వైద్యుడు మద్యమును విడిచిన దినముగా చెప్పబడు 1935 జూన్ 10వ తేదీనే 'ఆల్కహాలిక్స్ అనానిమస్' సంఘము తన జన్మదినముగా ఎంచుచున్నది. తన పేరు వెల్లడింపని వ్యసనపీడితుల సంఘమని దాని భావము. అది 1957లో మన దేశమునకు వచ్చినది.

అచట రుసుము లేదు. త్రాగుడు మానవలెనను కోరికయే అర్హత. ఒకరు తన అనుభవమును చెప్పగా తక్కినవారు విందురు. విన్నది బయట పెట్టరు. సభలు కొన్నిచోట్ల చర్చి గదులలోనో, పాఠశాలలలోనో జరుగును. అంతమాత్రమున అది మతప్రచారము కాదు. దైవమును ఎవరి భావన ననుసరించి వారు తలచుకొనవచ్చును. లింగపూజ మానవలసిన పని లేదు.

వెదకు విధము

1. కేంద్రప్రభుత్వమువారి వ్యసన విముక్తి సహాయవాణి 14446కు ఫోను చేసి, సమీప చికిత్సాకేంద్రమును గూర్చి అడుగవలెను. మనోవేదనకు టెలి మానస్ 14416 కలదు. అందు తెలుగున మాటలాడవచ్చును.

2. ప్రభుత్వ వైద్యశాలలోని మానసిక వైద్యుని "ఈ ఊరిలో సభ ఎక్కడ, ఏ వారమున, ఏ భాషలో జరుగును?" అని అడుగవలెను.

3. కొన్ని సభలకు ఎవరైనను పోవచ్చును. కొన్ని బాధితులకు మాత్రమే. ముందుగా తెలిసికొనవలెను.

4. ఒక్క సభతో నిరాశపడరాదు. అచట మనసు కుదరనిచో మరియొక సభకు పోవలెను.

5. కొట్టి మాన్పింతుమనువారిని, రహస్యముగా అన్నములో కలుపు మందు అమ్మువారిని నమ్మరాదు.

భార్యకును తోడు కావలెను. బాధితుల కుటుంబములకై 1951లో 'అల్-అనాన్' అను వేరొక సంఘము ఏర్పడినది. భర్త రాకున్నను ఆమె పోవచ్చును. ఆతని త్రాగుడుకు తాను కారణము కాననునది ఆమె అచట మొట్టమొదట నేర్చుకొను విషయము.

మఠముల కర్తవ్యము

ఊరిలో సభ లేనిచో? మానదలచినవారు ఇద్దరు ముగ్గురు కూడినను సభయే. మఠము వారమునకు ఒక సాయంకాలము ఒక గదిని ఇచ్చిన చాలును. అయితే మూడు నియమములు పాటింపవలెను. ఆ సభకు మఠము పేరు పెట్టరాదు. వచ్చినవారి కులగోత్రములు అడుగరాదు. వారు బయటి విరాళములు స్వీకరింపరు గనుక, స్వల్పముగా అద్దె ఇచ్చినచో కాదనక పుచ్చుకొనవలెను. వాకిట నిలిచి ఎవరు వచ్చిరో చూచువారున్నచో రెండవ వారము ఎవరును రారు. పరువునకు వెరచి రాలేనివానికి, పేరు అడుగని గుమ్మమే ఆశ్రయము.

ఇంట చర్చింపవలసిన ప్రశ్నలు

1. ఒక్కసారిగా మాన్పించుట ఏల అపాయకరము?
2. ఆక్రన్ పట్టణమున బిల్ విల్సన్ ఎవరిని వెదకెను? ఏల?
3. మన ఊరిలో అట్టి సభ కలదా? లేనిచో, దానికి గది ఇప్పింపగలవారెవరు?