ఒక్క చెవే దిబ్బడ వేసిందా?

ఇలా కూర్చో చెల్లీ, టీ చల్లారకముందే ఒక మాట చెప్పాలి. మీ ఆయన "చెవి దిబ్బడ వేసిందోయ్" అన్నారనుకో, మనమేం చేస్తాం? "జలుబే లెండి" అని రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి ఊరుకుంటాం. చాలాసార్లు అది జలుబే. కానీ మూడు వారాలైనా ఆ ఒక్క చెవే తెరుచుకోకపోతే? పొద్దున్నే కఫంలో నెత్తుటి చార కనిపిస్తే? మెడ తడిమితే నొప్పి లేని గడ్డ చేతికి తగిలితే? ఇక నూనె సీసా పక్కన పెట్టి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి బయల్దేరదీయి.

ముక్కు వెనకాల, కొండనాలుకకు పైన చిన్న చోటుంది. చెవి నుంచి వచ్చే సన్నటి గొట్టం తెరుచుకునేది అక్కడే. ఆ చోట వచ్చే నాసోఫారింజియల్ క్యాన్సర్ అద్దంలో కనపడదు, అందుకే చెవితోనో మెడతోనో కబురు పంపుతుంది. కంగారుపడకు, మనవైపు ఇది అరుదు. దక్షిణ చైనాలో, హాంకాంగ్‌లో, మన దేశంలో నాగాలాండ్ వైపు ఎక్కువ. దీని వెనక ఉండే ఎప్‌స్టీన్-బార్ వైరస్ దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకేదే, క్యాన్సర్ వచ్చేది మాత్రం ఏ కొద్దిమందికో. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఇంట్లో ఎవరికైనా వస్తే కంచం, గ్లాసు వేరు చేయకు, సరేనా?

"పేరు వింటేనే గుండె జారిపోతోంది అక్కా" అంటావా? ఇది కూడా విను. హాంకాంగ్‌లో 20 వేలమందికి పైగా మగవాళ్ల రక్తంలో ఆ వైరస్ డీఎన్‌ఏ కోసం వెతికారు. అలా 34 మందికి జబ్బు బయటపడితే, నూటికి 71 మందికి తొలి రెండు దశల్లోనే దొరికింది. పరీక్ష లేని రోజుల్లో అలా దొరికింది నూటికి 20 మందికే. 2017 నాటి మాట ఇది. ముదిరినా దారి ఉంది. రేడియేషన్‌కు ముందే జెమ్‌సిటాబిన్, సిస్‌ప్లాటిన్ ఇస్తే, మూడేళ్ల వరకు జబ్బు తిరగబెట్టనివాళ్లు నూటికి 76 నుంచి 85కి పెరిగారని 2019లో చైనా డాక్టర్లు చూపించారు. తిరగబెట్టినవాళ్లకు, ఒళ్లంతా పాకినవాళ్లకు టోరిపాలిమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు వచ్చింది. 2024లో దాన్ని మన దేశానికి తెచ్చింది హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీసే!

ఇక ఇంటి సంగతి. రేడియేషన్‌తో నోరు ఎండిపోతుంది, మింగుడు పడదు. అందుకే మొదలుపెట్టకముందే పళ్ల డాక్టరుకు చూపించాలి. మంచినీళ్ల సీసా ఎప్పుడూ చేతికందేలా ఉంచు. మెత్తగా కలిపిన పెరుగన్నం పెట్టు, ఆవకాయ జాడీ కొన్నాళ్లు అటకెక్కించు. దవడ బిగుసుకోకుండా డాక్టరు చెప్పిన వ్యాయామాలు రోజూ దగ్గరుండి చేయించు. విసుక్కుంటే విసుక్కోనీ, అది నొప్పి మాట, ఆయన మాట కాదు.

సరే, ఇప్పుడు చెప్పు. ఒక్క వైపే, మూడు వారాలు దాటిందా? అయితే ముందు ఫోన్ తీసి అపాయింట్‌మెంట్ తీసుకో. టీ మళ్లీ వేడి చేస్తాలే.