లీటరు నీళ్లే ఎందుకు?

అరకు దగ్గర కొండ ఊళ్లో మా రూమ్మేట్‌కి విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రి దూరం. త్వరగా పనిచేస్తుందని లీటరు నీళ్లలో కలపాల్సిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ని ఒక్క గ్లాసులో కలిపి ఇచ్చేశాను. ఇంకా ఎక్కువైంది.

పేగు కణాల పొరలో ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజ్ కలిసి వస్తేనే లోపలికి పంపిస్తుంది (మన టూ-ఫ్యాక్టర్ లాగిన్ లాగా). వాటి వెనకే ఆస్మాసిస్‌తో నీళ్లూ వెళ్తాయి. కానీ పేగులో ద్రావణం రక్తం కన్నా చిక్కగా ఉంటే, నీళ్లు రివర్స్‌లో ఒంట్లోంచి పేగులోకి వచ్చేస్తాయి. నా గ్లాసులో గాఢత ఐదింతలు! డబ్ల్యూహెచ్‌ఓనే 2002లో దాన్ని 311 నుంచి 245 మిల్లీఆస్మోల్స్‌కి తగ్గించింది.

ఊళ్లో ఆశా అక్క వచ్చి గ్లాసు చూసింది. "సీసా ఏదీ తమ్ముడూ?" అని, కాచి చల్లార్చిన నీళ్లు లీటరు కొలిచి, కొత్త ప్యాకెట్ కలిపింది. గుక్క గుక్కగా తాగించమంది. రాత్రికి వాడు అన్నం అడిగాడు.