రీబిల్డ్ మధ్యలో రెండో డిస్కూ పోతే

ప్రశ్న: మా ఫొటో స్టూడియో లైనక్స్ సర్వర్‌లో నాలుగు డిస్కుల రెయిడ్-5 ఉంది. ఒకటి పాడైతే కొత్తది పెట్టాం. రీబిల్డ్ మధ్యలో ఇంకోటీ పోయింది. పెళ్లి ఫొటోలన్నీ పోయినట్టేనా?

జవాబు: అప్పుడే ఆశ వదులుకోకండి. రెండో డిస్కు చాలాసార్లు పూర్తిగా చెడిపోదు. చదవలేని సెక్టారు తగిలిందని రెయిడ్ దాన్ని పక్కన పెట్టేస్తుంది, అంతే.

ముందు సర్వర్ వాడకం ఆపండి. లైనక్స్ రెయిడ్‌ను నడిపే ఎండీఆడ్మ్‌లోని ‘క్రియేట్’ కమాండ్ మాత్రం ఎవరు చెప్పినా ఇవ్వకండి. డిస్కుల వరుస తప్పితే రీసింక్ పేరుతో పాత డేటా మీదే రాసేస్తుంది. చేజేతులా పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే.

ఎండీఆడ్మ్ ‘ఎగ్జామిన్’తో ఒక్కో డిస్కులో ‘ఈవెంట్స్’ అంకె చూడండి. బాగున్న రెండింటిలో 48210, రెండోసారి పోయినదానిలో 48204 ఉందనుకోండి, ఆ తేడా స్వల్పమే, దాన్ని వాడుకోవచ్చు. మొదట పాడైనదానిలో 31977 ఉంటే అందులోది పాత డేటా, దాన్ని కలపొద్దు.

రెండోసారి పోయిన డిస్కును డీడీరెస్క్యూతో వేరే డిస్కులోకి కాపీ చేసి, అసలుదాన్ని విప్పి దాచండి. వీలైతే మిగతా రెండింటికీ కాపీలు తీయండి. తర్వాత ఈ మూడింటితో ‘అసెంబుల్’, ‘ఫోర్స్’ ఇచ్చి, రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి ఫొటోలు బయటికి తీసుకోండి. కొత్త డిస్కు చేర్చడం ఆ తర్వాతే.

డిస్కు టకటకమంటుంటే మాత్రం ఇవేవీ చేయకుండా వెంటనే కరెంటు తీసేసి, డేటా రికవరీ ల్యాబ్‌కు ఇవ్వండి.