వృద్ధుల నిలుకడకు ఫోనుతో పరీక్ష

గ్రామములలో పెద్దవారు గడప దాటుచునో, తడిసిన గచ్చుమీదనో జారిపడినపుడు "వయస్సు మీరినది, ఏమి చేయగలము?" అని సరిపెట్టుకొనుట పరిపాటి. ఇట్లు తలచుట పొరపాటు. తుంటి యెముక విరిగిన వృద్ధులలో పెక్కుమంది మరల మునుపటివలె నడువజాలరు. ప్రపంచమున ఏటా 6,84,000 మంది పడిపోవుటచే మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో అంచనా వేసినది.

నిలుకడ యెట్లు కలుగును? కన్నులు, లోపలి చెవి, పాదములు, కీళ్ళు మెదడునకు ఎడతెగక వార్తలు పంపుచుండును. మెదడు తదనుగుణముగా కండరములను నడపును. మనము కదలక నిలిచితిమని తలచినను దేహము కొంచెము ఊగుచునే యుండును. ఈ ఊపు మితిమీరినచో పడిపోవు ప్రమాదము హెచ్చును.

కంటికి సరిగా తెలియని ఈ ఊపును స్మార్టుఫోను కొలువగలదు. ఫోనును అడ్డముగా త్రిప్పినపుడు తెరపై బొమ్మయు తిరుగుట సభ్యులెల్లరు చూచియుందురు. ఫోను ఏ వైపు వంగినదో తెలుపునది అందలి యాక్సిలెరోమీటరు. ఎంత వేగముగా తిరిగినదో తెలుపునది గైరోస్కోపు. ఫోనును నడుము వెనుక పట్టీతో బిగించి, తగిన యాప్‌ను తెరచినచో, దేహము ముందువెనుకలకును ప్రక్కలకును ఎంత ఊగినదో లెక్క తేలును.

పరీక్షలో నాలుగు తీరులు కలవు.

1. పాదములు రెండును జతగా నుంచి నిలుచుట.
2. ఒక పాదమును కొంచెము ముందునకు జరిపి నిలుచుట.
3. ఒక మడమకు రెండవ పాదపు వ్రేళ్ళు తాకునట్లు, ఒకే వరుసలో నిలుచుట.
4. ఒంటికాలిపై నిలుచుట.

ఒక్కొక్క తీరున 10 సెకనులు నిలువవలెను. మూడవ తీరున 10 సెకనులు నిలువలేని వృద్ధులకు పడిపోవు ప్రమాదము ఎక్కువ. ఇంతమాత్రము తెలిసికొనుటకు గడియారమే చాలును. అయితే 10 సెకనులు నిలిచిన వారిలో ఎవరు ఎక్కువ ఊగిరో, ఒకరి నిలుకడ కొన్ని నెలలలో తగ్గినదో లేదో ఫోను చూపగలదు. ఇట్లు పోల్చునపుడు అదే ఫోనును, అదే చోట కట్టవలెను. వేర్వేరు ఫోనుల లెక్కలు సరిపోలకపోవచ్చును.

పరీక్షను గోడ ప్రక్కనే జరుపవలెను. చేయి అందునంత దూరములో ఒక మనిషి తప్పక నిలిచియుండవలెను. ఫోను చూపు అంకె రోగనిర్ణయము కాదు. నిలుకడ చాలనివారిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపినచో, వారి చూపును, రక్తపోటును, వాడుచున్న మందులను వైద్యులు పరిశీలింతురు.

పిమ్మట చేయవలసిన పని పంచాయతీదే. వెలుగని వీధిదీపము, పలక లేని మురుగుకాలువ, చేతిపట్టు లేని మెట్లు ఎచ్చట నున్నవో సభ్యులకు తెలియును. ఆశా కార్యకర్త సహాయముతో ఒకదినము ఈ పరీక్ష జరిపించి, నిలుకడ తగ్గిన పెద్దలు నడచు దారులను ముందుగా బాగుచేయించవలసినదిగా మేము మనవి చేయుచున్నాము.