ఆకుకూర కూరా? మందా?



ఎన్ని ఊళ్ళు మారినా మన కంచంలోకి ఆకుకూర వస్తూనే ఉంటుంది. మన తోటకూరను కేరళలో చీర అంటారు, బెంగాల్‌లో నోటే శాక్ అంటారు, ఉత్తరాదిలో చౌలాయీ అంటారు.

ఈ మధ్య తరగతిలో ఇలా పేర్లు చెప్పుకుంటుంటే ఒక అమ్మాయి లేచి అడిగింది: “మేడమ్, మా అమ్మమ్మకు క్యాన్సర్. ఆకుకూరలు తింటే తగ్గిపోతుందని ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. నిజమేనా?” ఆ రోజు మేము అరకొరగా జవాబు చెప్పాము. పూర్తి జవాబు ఇప్పుడు చెప్పుకుందాం.

ఆకుకూరల్లో ఫోలేట్ అనే విటమిన్ ఉంటుంది. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు సుమారు 4 టన్నుల పాలకూర నుంచి దాన్ని వేరుచేశారు. లాటిన్‌లో ‘ఫోలియం’ అంటే ఆకు. అందుకే ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. మన ఒంట్లో కొత్త కణం పుట్టాలంటే డి.ఎన్.ఏ. తయారవ్వాలి. దానికి ఫోలేట్ కావాలి. రక్తం పట్టాలన్నా, మీరు ఎదగాలన్నా అది ఉండాల్సిందే.

అయితే క్యాన్సర్ కణమూ కణమే కదా! అదుపు లేకుండా పెరిగే ఆ కణానికీ ఫోలేట్ కావాలి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలు ఇచ్చినప్పుడు జబ్బు ఇంకా ముదిరినట్టు గమనించాడు. మరి ఫోలేట్ అందకుండా చేస్తే?

ఇక్కడ మన తెలుగువారు కనిపిస్తారు. ఆయన 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్నీ, అచ్చం దానిలాగే ఉండే అమినోప్టెరిన్‌నూ తయారుచేసింది. ఇది తాళంలో దూరుతుంది కాని తిరగదు, అసలు తాళంచెవిని దూరనివ్వదు. దాంతో కణం పెరుగుదల ఆగుతుంది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వైద్యులు వాడుతున్నారు.

చూశారా! ఆకు మందుకు దారి చూపింది. కాని ఆకే మందు కాలేదు. పైగా ఆ మందు ఆకులోని విటమిన్‌కు అడ్డుపడేది!

ఆకుల్లోని మరికొన్ని పదార్థాలు ప్రయోగశాలలో, గాజుపాత్రలోని క్యాన్సర్ కణాలను చంపిన మాట నిజమే. కాని గాజుపాత్ర వేరు, మనిషి ఒళ్ళు వేరు. అందుకే అలాంటి మెసేజ్ వస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి: పరీక్షించింది కణాల మీదా, మనుషుల మీదా? ఎంతమందికి ఇచ్చి చూశారు? మన డాక్టరు గారు ఏమంటున్నారు?

ఆ అమ్మాయికి మా మాట: డాక్టరు గారిని అడిగి అమ్మమ్మకు పాలకూర పప్పు పెట్టమ్మా, ఒంటికి మంచిది. మందు మాత్రం ఒక్క పూట కూడా మాననివ్వకు.